ఖుష్కి నుండి తరికి: జడ్చర్ల – శ్రీశైలము బాట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయము ఇరువదియైదేండ్ల పండుగ జరుపుకొనుచుండగా ఒక బాటను గూర్చిన ప్రసంగ మెందుల కని కొందఱికి తోచవచ్చును. బాటకును పుస్తకమునకును పాత చుట్టఱిక మున్నది. తెలుగున యాత్రాగ్రంథములలో మొదట తలపదగినది ఏనుగుల వీరాస్వామయ్య వ్రాసిన కాశీయాత్ర చరిత్ర. ఆ గ్రంథమునకు జడ్చర్ల పరాయి యూరు కాదు. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో ద్విభాషిగా నుండిన ఆ పెద్దమనిషి 1830 మే 18వ తేదీన పల్లకీలో బయలుదేరి, శ్రీశైల మల్లికార్జునుని దర్శించి, నివృత్తిసంగమమున కృష్ణ దాటి, వనపర్తి, జడ్చర్లల మీదుగా హైదరాబాదు చేరెను. అటనుండి కాశికి పోయి 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. ఏ యూర మజిలీ చేసినది, బాట రాతిదా యిసుకదా, నీరు దొరకునా, బియ్యము దొరకునా యను సంగతు లన్నియు తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు జాబులుగా వ్రాసెను. 1836లో ఆయన గతించెను; రెండేండ్లకు 1838లో ఆ జాబులు గ్రంథమై వెలువడినవి.

ఆయన వ్రాసెను గనుక నాటి బాటలు నేటికిని నిలిచియున్నవి. వ్రాయనివారు చూచిన వన్నియు వారితోనే పోయినవి. ఈ ప్రసంగమునకు మూలమైన మాట ఇదియే. తక్కినదంతయు ఒక పగటి ప్రయాణము.

జడ్చర్ల నుండి కల్వకుర్తి, డిండి, మన్ననూరుల మీదుగా శ్రీశైలము సుమారు రెండువందల కిలోమీటర్లు. మోటారు బండిలో నాలుగైదు గంటల పని. కాని త్రోవలో దిగి చూచుచు, అన్నము తినుచు, ఎండ తగ్గువఱకు చెట్టునీడ నాగుచు పోయినచో తెల్లవాఱినది మొదలు ప్రొద్దుక్రుంకువఱకు పట్టును. ఆ విధముగా ఒక కుటుంబము బయలుదేరిన దనుకొనుడు. ఆ బండిలో డెబ్బదియేండ్లు దాటిన తాత, బండి నడపు కొడుకు, కోడలు, పదేండ్ల మనుమరాలు ఉన్నారు. వారికి పేరు పెట్టవలసిన పని లేదు. అట్టి తాతలు పాలమూరు పల్లెలలో ఏ అరుగుమీద చూచినను కనబడుదురు.

వెనుకసీటు మడిచి పఱుపు వేసిరి. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, సద్ది, మంచినీళ్ళ బిందె, చిన్న గ్యాసుపొయ్యి బండిలో సర్దిరి. అమెరికాలో వంటయిల్లు, పడక, స్నానపు గది అన్నియు లోపలనే యున్న పెద్ద బండ్లు కలవు. వానిని అచ్చట ఆర్‌వీ లందురు. అచ్చటి తెలుగువారును వానిలో కుటుంబములతో నెవాడా, అరిజోనా ఎడారులను, కొండలను దాటుచు దినమంతయు ప్రయాణము చేయుదురు. ఇది వింతగా తోచవచ్చును గాని ఈ సీమవారికి చక్రముల మీది యిల్లు క్రొత్తది కాదు. జాతరలకు గూడుబండి కట్టి, లోపల గడ్డి పఱచి, పిల్లలను, వంటపాత్రలను ఎక్కించి, బండిక్రింద లాంతరు వ్రేలగట్టి పోయినవారి మనుమలే నేడు మోటారు బండ్లు నడపుచున్నారు. ఎద్దులు మాఱినవి, సద్దిమూట మాఱలేదు.

జడ్చర్ల కూడలి దేశములోని పెద్ద కూడళ్ళలో నొకటి. శ్రీనగరము నుండి కన్యాకుమారికి పోవు 44వ జాతీయ రహదారిని, రాయచూరు వైపునుండి మహబూబ్‌నగర్ మీదుగా వచ్చి కల్వకుర్తి వైపు సాగిపోవు 167వ రహదారి ఇచ్చట దాటును. తెల్లవాఱుజామున బాదేపల్లి మార్కెట్టుకు పల్లికాయల, మక్కల బండ్లు వచ్చుచుండగా వీరి బండి తూర్పునకు తిరిగెను.

మొదటి యామము రాతిసీమ. త్రోవ కిరువైపుల ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్లు. నడుమ ఎఱ్ఱని చెలకలు. అచ్చటచ్చట తాటిచెట్లు, తుమ్మలు, సీతాఫలపు పొదలు. ఈ గుండ్లను ఎవరును పేర్చలేదు. ఇవి భూమిలోపల చల్లారి గట్టిపడిన నల్లసేనపు రాళ్ళు. వీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరము లని భూగర్భశాస్త్రజ్ఞు లందురు. పైనున్న మన్ను యుగయుగములుగా కొట్టుకొనిపోగా రాయి బయటపడెను. ఎండకు పగిలి, వానకు అంచులరిగి, ఉల్లిపొరలవలె పొరలూడి గుండ్రనైనది. ఆ రాతినుండి పుట్టిన మన్నే ఈ చెలకమన్ను. అది పలుచన, వాన పడినప్పుడు త్రాగును, రెండెండలకు ఆఱిపోవును.

ఏటికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన ఈ సీమకు వచ్చును. ఎడారి యనుటకు ఇది ఎక్కువ. వరి పండుటకు తక్కువ. పైగా ఆ వాన నాలుగు నెలలలో, అదియు కొన్ని దినములలోనే, కురిసి పోవును. కావుననే పూర్వులు వాలు చూచి చెఱువులు కట్టిరి. పైచెఱువు అలుగు పాఱిన నీరు క్రిందిచెఱువు నింపునట్లు గొలుసులుగా కట్టిరి. భూమి లెక్కలలో రెండే మాటలు వాడిరి. చెఱువు క్రింది నేల తరి. వాననే నమ్ముకొన్న నేల ఖుష్కి. పాలమూరు చరిత్రను ఈ రెండు మాటలలో చెప్పవచ్చును. తరి కొంచెము, ఖుష్కి మెండు.

మిడ్జిలు దరిదాపున దుందుభి కనబడును. వానకాలమున రెండు వారములు నదివలె నుండి, తక్కిన కాలమున ఇసుకబాటవలె నుండు వాగు ఇది. దీని పేరనే గంగాపురము హనుమచ్ఛర్మ 'దుందుభి' కావ్యమును రచించెను. ఎండినవాగుపై కావ్యము పుట్టుటలో వింత లేదు. కృష్ణాగోదావరులను అందఱును పొగడుదురు; ఎండిన వాగును దాని ఒడ్డున పుట్టినవాడే పాడవలెను. ఇదే దుందుభి క్రిందికి పోయి డిండి యను పేర కృష్ణలో కలియును. అనగా ఈ కుటుంబము పోవు త్రోవయు, దుందుభి పోవు త్రోవయు ఒక్క దిక్కునకే సాగుచున్నవి.

బండి వాగు దాటుచుండగా మనుమరాలు కిటికీనుండి చూచి, "తాతా, గిది వాగా, బాటా?" అని యడిగెను.

"వానకాలం వాగు బిడ్డా, ఎండకాలం బాట," అనెను తాత. "మేం గీ ఇసుకలకెల్లి నడిచి మేస్త్రి లారీ ఎక్కినం."

పాలమూరు కూలి యను మాట దేశమంతటను తెలిసినది. చెలక పండని యేడు గుంపుమేస్త్రి ఊరికి వచ్చును, బయానా యిచ్చును, ఆ బయానా పెండ్లికో, అప్పునకో, వైద్యమునకో పోవును, ఆలుమగలు పిల్లను చంకనెత్తుకొని లారీ ఎక్కుదురు. కాలువ త్రవ్వుట, కట్టపోయుట, రాయి కొట్టుట, కంకర మోయుట వారి పని. నాగార్జునసాగరమువంటి ఆనకట్టల పనులలో వీరి చేతులున్నవి. బొంబాయి, పూనాల మేడలలోను ఉన్నవి. ముసలితల్లిదండ్రులు పిల్లలకు కాపుగా ఊర మిగులుదురు. ఊరి బడిలో సగము పేర్లు హాజరుపట్టీలో మాత్రమే యుండును. ఈ సంగతి ఈ సభలోనివారికి చెప్పవలసిన పని లేదు. పుస్తకమున నుండవలెనని చెప్పుట.

కల్వకుర్తి దాటి కొట్రచౌరస్తా యొద్ద హైదరాబాదు నుండి వచ్చు శ్రీశైలపు త్రోవ కలిసెను. అచ్చటినుండి దక్షిణమునకు తిరిగి, వంగూరుగేటు మీదుగా కొంత దూరము పోగా బాట నల్లగొండ జిల్లా నేలపై అడుగిడెను. అచ్చట డిండి జలాశయము. నిజాముల కాలమున కట్టబడిన ఈ కట్ట ఈ త్రోవలో మొదటి పెద్ద నీరు. మిడ్జిలు నొద్ద ఇసుకయై కనబడిన వాగు ఇచ్చట కంటినిండ నీరై నిలుచును. వానలు తప్పిన యేడు ఈ నీరును అడుగంటును. ఒడ్డున చింతచెట్టు క్రింద బండి నిలిపి రొట్టెలు తినిరి. కోడలు బిందె కడిగి, చెఱువునీళ్ళు ముఖమున చల్లుకొనెను. మధ్యాహ్నపు ఎండ తెల్లగా కాయుచుండెను.

డిండి దాటి హాజీపురము చౌరస్తాకు వచ్చుసరికి దక్షిణపు దిక్కున సన్నని నల్లగీత కనబడినది. మబ్బేమో యనుకొన్నది చిన్నది. అది నల్లమల. దగ్గఱకు పోవుకొలది గీత గోడయైనది; గోడ పచ్చబడినది. అచ్చంపేట ప్రక్కన రంగాపురము నొద్ద కొండచఱియలో ఉమామహేశ్వరము కలదు. శ్రీశైలమునకు ఉత్తరద్వార మని పెద్దలు చెప్పుదురు. పూర్వము కాలినడకన పోవువారు ఇచ్చట మ్రొక్కి అడవి చొచ్చెడివారు.

మన్ననూరు నొద్ద అటవీశాఖవారి గేటు కలదు. రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వఱకు ఆ గేటు మూయుదురు. ఆ వేళ అడవి మృగములది. గేటు దాటి కొండ యెక్కగా పాతకోట గోడల శిథిలములు త్రోవప్రక్కనే అగపడును. ప్రతాపరుద్రుని కోట యని జనులు చెప్పుకొందురు. ఒక్క కొండయెక్కుటలో సీమ మాఱిపోయినది. గుండ్లు లేవు; ఎఱ్ఱమన్ను లేదు; పలకలు పేర్చినట్లు పొరలుపొరలుగా నున్న ఇసుకరాతి కొండలు. ఈ పొరలు పూర్వయుగమున నీటి అడుగున పేరుకొన్న ఇసుక గట్టిపడినవి. అనగా ఇంతసేపు నీటికై మొగము వాచిన సీమ దాటి, ఒకనాడు నీటిక్రింద పుట్టిన కొండమీదికి బండి యెక్కినది. గాలియు మాఱినది. నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప, వెదురు త్రోవమీదికి వంగి నీడ పట్టినవి. కొడుకు కిటికీ అద్దములు దింపి, యంత్రపు చల్లగాలి ఆపివేసెను.

ఇది అమ్రాబాదు పులుల అభయారణ్యము. శ్రీశైలము – నాగార్జునసాగరము అభయారణ్యమున భాగముగా 1983 నుండి పులుల సంరక్షణలో నుండి, రాష్ట్రవిభజన పిమ్మట తెలంగాణమున వేఱుగా నేర్పడినది. దీని విస్తీర్ణము సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. ఫరహాబాదు నొద్ద నిజాముల కాలపు వేట బంగళాలుండెడివి. వేటకు వచ్చిన దొరల కాలము పోయినది. పులి నేడు కాపుదలలో నున్నది.

పులికంటె ముందునుండి ఈ అడవిని ఎఱిగినవారు చెంచులు. 1940లో క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు ఈ అమ్రాబాదు గుట్టలలో చెంచు పెంటలయందు మసలి, వారి జీవనమును గూర్చి వ్రాసిన గ్రంథము 1943లో అచ్చయ్యెను. గడ్డలు త్రవ్వుకొని, తేనె దింపి, పండ్లేరుకొని బ్రతుకు వారి పద్ధతులు, వారి చుట్టఱికములు, దేవతలు అందులో నున్నవి. దూరదేశమునుండి వచ్చినవాడు వ్రాయగా ప్రపంచమునకు తెలిసినది. ప్రక్కనున్న మైదానపు ఊళ్ళవారు వ్రాయలేదు. శ్రీశైల మల్లన్నను చెంచులు తమ అల్లునిగా భావింతురు. అల్లునింటికి పోవు త్రోవ మామలది కదా! త్రోవప్రక్కన తేనెసీసాలతో నిలిచిన చెంచు స్త్రీని చూచి బండి వేగము తగ్గించుట ఆ త్రోవకు చేయదగిన కనీసపు మర్యాద. కోడలు దిగి, ఆమె చెప్పిన ధరకే తేనె కొనెను. "అక్కా, సలేశ్వరం జాతరకు రాండ్రి," అని ఆమె పిలిచెను. చైత్రపున్నమికి లోయలోనికి దిగి, జలపాతము ప్రక్కనున్న లింగమయ్యను కొలుచు జాతర అది.

వటువర్లపల్లి దాటినది. పలుమాఱు మలుపులు తిరిగి దోమలపెంట, ఈగలపెంటల దరిదాపునకు వచ్చుసరికి ప్రొద్దు వాలినది. ఒక మలుపున చెట్లు హఠాత్తుగా తొలగినవి. క్రింద లోతైన లోయ. లోయ అడుగున కృష్ణ. లోయ కడ్డముగా ఆనకట్ట.

శ్రీశైలపు ఆనకట్టకు 1963 జులై 24న జవాహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేసెను. పని రెండు దశాబ్దములు సాగినది. పొడవు 512 మీటర్లు, పునాదినుండి ఎత్తు 145 మీటర్లు, గేట్లు 12. నిండుమట్టము 885 అడుగులు. మొదట 308 టి.ఎం.సి. నీరు పట్టుననుకొనిన జలాశయము పూడికవలన నేడు సుమారు 215 టి.ఎం.సి.లే పట్టును. కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల విద్యుత్కేంద్రములు కలవు. 2009 అక్టోబరు మొదట వచ్చిన వఱదలో కట్టకు మున్నెన్నడెఱుగనంత నీరు వచ్చిపడగా, కట్ట నిలిచినది.

తాత బండి దిగి, కట్ట కనబడుచోట పిట్టగోడ పట్టుకొని నిలిచెను. 1970 ప్రాంతమున పదునేడేండ్ల వయస్సున మేస్త్రివెంట వచ్చి మోసిన కంకర ఆ గోడలో నెచ్చటనో ఉన్నది. అది ఎచ్చట నున్నదో చూపుట ఎవరితరమును కాదు. ఒకసారి కట్టిన పిమ్మట తట్టెడు కంకర వేఱు, కొండంత గోడ వేఱు అని చెప్పుట కుదరదు.

మనుమరాలు చాలసేపు నీటివైపు చూచి, "తాతా, గిన్ని నీళ్ళుండంగ మనూర్ల బోరెందుకు ఎండింది?" అనెను.

తాత వెంటనే జవాబు చెప్పలేదు. "నీళ్ళు కిందున్నయి బిడ్డా. మనం మీదున్నం," అని మాత్రము అనెను.

ఆ మాట నిజము. పూర్తి నిజము కాదు. ఎత్తుపల్లములు ప్రకృతి చేసినవి. ఆ నీటిని ఏ దిక్కునకు త్రిప్పవలెనను నిర్ణయము మనుష్యులు చేసినది. ఈ జలాశయమునుండి కాలువలు దక్షిణమునకు బహుదూరము పోయినవి. 1983 నాటి ఒప్పందము ప్రకారము చెన్నపట్టణపు త్రాగునీటికి ఏటికి 15 టి.ఎం.సి.లు నిర్ణయించిరి, 1996లో కృష్ణనీరు తమిళసీమకు చేరినది. వీరాస్వామయ్య పట్టణమునకు శ్రీశైలపు నీరు చేరుట మంచిదే. దప్పికి రాష్ట్రము లేదు. ఆయన మజిలీ చేసిన త్రోవలోని చెలకలకు మాత్రము ఆ నీరు ఏండ్లతరబడి రాలేదు. ఎవరికో వచ్చినదని దుఃఖము కాదు. మోసినవారికి రాలేదని దుఃఖము.

ఇది ఈ సీమకే వచ్చిన కష్టము కాదు. పైన చెప్పిన అమెరికా ఎడారిలో కొలరాడో నదిపై హూవరు ఆనకట్టను 1935లో పూర్తిచేసిరి. ఇండ్లబండ్లలో ఎడారిని దాటి దానిని చూడవచ్చు యాత్రికులు లెక్కకు మిక్కిలి. ఆ నది నీరు ఎడారి దాటి కాలిఫోర్నియా పట్టణములకు పోవును. ఆ జలాశయములో సెయింట్ థామస్ అను ఊరు మునిగినది. నీరు తగ్గిన యేండ్లలో ఆ యూరి పునాదులు మఱల బయటపడుచుండును. శ్రీశైలపు నీటిలోను అట్లే. ఎండకాలమున నీరు తీసినప్పుడు నివృత్తిసంగమమున సంగమేశ్వరాలయము బయటపడును. వాన వచ్చిన పిమ్మట మఱల మునుగును. వీరాస్వామయ్య కృష్ణ దాటిన చోటు అదియే.

శ్రీశైలపు జలాశయములో కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలకు చెందిన వందకు దరిదాపు గ్రామములు మునిగినవి. జటప్రోలు, సోమశిలల ఆలయములను రాయిరాయిగా ఊడదీసి, మఱొకచోట మరల నిలిపిరి. కూడవెల్లి సంగమేశ్వరుని ఆలంపురమునకు తెచ్చిరి. దేవుళ్ళకు క్రొత్త గుడులు దొరకినవి. మనుష్యులలో పలువురు చెదరిపోయిరి. పరిహారపు సొమ్ము చేతబడినంతలో ఖర్చయినది. నల్లరేగడి పొలము మఱల చేతికి రాలేదు. నదీతీరపు తరి పోగొట్టుకొని ఖుష్కిసీమకు వచ్చి కూలికి నిలిచినవారును కలరు.

నీరు ఎత్తునకు రానేరదను మాట నేడు చెల్లదు. కల్వకుర్తి ఎత్తిపోతల పథకము కొల్లాపురము నొద్ద ఇదే జలాశయమునుండి నీరు తీసికొని, ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అను మూడు మెట్లలో పైకెత్తుచున్నది. మఱియు పాలమూరు – రంగారెడ్డి ఎత్తిపోతల పథకమునకు 2015 జూన్ 11న కరివెన నొద్ద శంకుస్థాపన జరిగినది. 2023 సెప్టెంబరు 16న నార్లాపురమున తొలి పంపు నడిచినది. నార్లాపురము, ఏదుల, వట్టెము, కరివెన, ఉద్దండాపురము ఆ నీరెక్కవలసిన జలాశయములు. ఉద్దండాపురము జడ్చర్ల మండలములోనిదే. దానిలో సుమారు 16 టి.ఎం.సి. నీరు నిలువవలెనని సంకల్పము. ఈ కుటుంబము ఒక పగలు దిగి వచ్చిన యెత్తును నీరు మెట్టుమెట్టుగా ఎక్కి రావలసియున్నది.

ఆ నీటికై ఉద్దండాపురము, వల్లూరు గ్రామములవారు తమ యిండ్లను, పొలములను విడువవలసివచ్చినది. ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపవలెను. దూరముననున్న శ్రీశైలములో మునిగిన ఊళ్ళకు కన్నీరు కార్చుట సులభము. ప్రక్క గ్రామము మునిగి, దానిచే తన చెలక తడియునప్పుడు, ఆ ప్రక్కగ్రామమువారి ఋణము తనపై నున్నదని తలచుట కష్టము. నీరు వచ్చునాడు పండుగ చేయువారు, ఆ నీటికై ఇల్లు విడిచినవారిని మొదటి పీటమీద కూర్చుండబెట్టవలెను. ఒకప్పుడు పాలమూరు మోసి, నీరు పొందక వగచినది. నేడు నీరు పొంది, మోసినవారిని మఱచినచో, పాత తప్పునే మఱల చేసినట్లగును.

చీకటి పడుచుండగా వారు ఆనకట్ట క్రింది వంతెనమీదుగా నది దాటి శ్రీశైలము చేరిరి. గేటు మూయు వేళకు మునుపు మన్ననూరు చేరుట సాధ్యము కాదు గనుక ఆ రాత్రి అచ్చటనే నిలిచిరి. దర్శనమైన పిమ్మట, బండివెనుక పఱుపుమీద కూర్చుండి, చిన్నది బడిపుస్తకములో ఆ దినపు ఊళ్ళపేర్లు వరుసగా వ్రాసికొనెను: జడ్చర్ల, మిడ్జిలు, కల్వకుర్తి, డిండి, మన్ననూరు, దోమలపెంట. "తాతా, నువ్వు పనిజేసినప్పుడు నీతోని ఎవరెవరు వచ్చిండ్రు?" అని యడిగెను. తాత ఒక్కొక్క పేరే చెప్పుచుండగా ఆమె వ్రాసికొనుచు పోయెను. కొన్ని పేర్ల యొద్ద ఆయన ఆగెను. ఒక్కని పేరు ఎంతసేపు తలచుకొన్నను గుర్తునకు రాలేదు. అతని ఊరు మాత్రము చెప్పెను.

భూమి లెక్కల దస్తరములను చూచినవారికి వాని గడులు తెలియును. సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, జలాధారము, పంట. మునిగిన ఊళ్ళ సర్వే నంబర్లు పాత కాగితములలో నేటికిని ఖుష్కి యెంత, తరి యెంత యని చెప్పుచు నిలిచియుండును. వానిపై నీరు పాఱుచుండును. జలాధారమను గడిలో చెఱువు, బావి, కాలువ అని వ్రాయుదురు. ఆ కాలువను త్రవ్వినదెవరు, ఆ కట్టకు కంకర మోసినదెవరు, ఆ నీటికై ఊరు విడిచినదెవరు అను వానికి ఆ దస్తరములో గడి లేదు. అది సర్కారు తప్పని అనుటకంటె, ఆ గడి ఊరివారు తామే గీసికొనవలసిన దనుట మేలు.

గ్రంథాలయము ఉన్నది అందులకే. ఇరువదియైదేండ్లుగా ఇచ్చట ఇతరులు వ్రాసినవానిని చదువుచున్నారు. ఈ పండుగనాటినుండి ఒక క్రొత్త పుస్తకము తెఱచి, తెల్లకాగితములతో బల్లమీద నుంచవలెను. ఏ యింటినుండి ఎవరు ఏ యేట ఏ ఆనకట్ట పనికి పోయిరి. ఎవరు తిరిగి వచ్చిరి, ఎవరు రాలేదు. ఏ యూరు మునిగి ఎవరిచ్చటికి చేరిరి. ఏ వాగు ఏ యేడు పాఱినది, ఏ యేడు ఎండినది. చదువు రానివారు చెప్పుదురు, బడిపిల్లలు వ్రాయుదురు. మునుపటి తరపు కూలీలలో ప్రతియేటను కొందఱు వెళ్ళిపోవుచున్నారు. వారితో ఆ పేర్లును పోవుచున్నవి. ఈ పనికి సొమ్ము అక్కఱలేదు, కొంత తొందర మాత్రము కావలెను.

వీరాస్వామయ్య నూటతొంబది యేండ్లకు మునుపు ఈ యూరి మీదుగా పోవుచు మజిలీలు వ్రాసికొనెను. ఈ యూరినుండి బయలుదేరి, ఒక జీవితకాలము ఊరూర తిరిగి, కట్టలు కట్టి వచ్చినవారి మజిలీలు ఇంకను వ్రాయబడలేదు. బల్లమీది పుస్తకములో మొదటి పుట ఎవరి తాత పేరుతో మొదలగునో చూడవలెను.

స్వస్తి.